హైతీ, డొమినికన్ రిపబ్లిక్: ఒకే దీవి మీద ఇంత తేడా ఎక్కడ మొదలైంది?

పాతపటం:
హిస్పానియోలా దీవి ఉపగ్రహ చిత్రం మళ్లీ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఎడమ పక్క, అంటే పడమటి హైతీలో, బోడి కొండలు, కుడి పక్క డొమినికన్ రిపబ్లిక్‌లో అడవి, మధ్యలో కత్తితో కోసినట్టు సరిహద్దు. కింద ఎవరో రాసిన వ్యాఖ్య: "ఫ్రెంచివాళ్లు పిండారు, స్పెయిన్‌వాళ్లు పెంచారు." ఇది ఎంతవరకు నిజం? వలస పాలన నాటి తేడా ఇప్పటికీ పని చేస్తోందా, లేక తర్వాత జరిగినవే ఎక్కువా? తెలిసినవాళ్లు వివరంగా రాస్తే బాగుంటుంది.

గానుగచెట్టు:
ఆ వ్యాఖ్యలో మొదటి సగం నిజం, రెండో సగం కాదు. స్పెయిన్ ఏమీ పెంచలేదు, వదిలేసింది. తూర్పు సగానికి అదే కలిసొచ్చింది.

మొదట్లో దీవి మొత్తం స్పెయిన్‌దే. 1492లో కొలంబస్ ఓడ శాంతా మరియా పగిలింది ఇప్పటి హైతీ ఉత్తర తీరంలోనే. కరీబియన్‌లో మొదటి చెరకు గానుగలు ఆడింది తూర్పున, ఇప్పటి డొమినికన్ రాజధాని సాంతో డొమింగో చుట్టుపక్కలే. స్థానిక తైనో జనం చాకిరీతో, 1518లో వచ్చిన మశూచితో దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. ఆ లోటు పూడ్చడానికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని దింపారు. ఈలోగా మెక్సికో, ఆ తర్వాత పెరూ చేతికి చిక్కాయి. వెండి అక్కడుంటే ఇక్కడ బెల్లం కాచేదెవడు? డబ్బూ మనుషులూ అటే పోయారు, వెండి ఓడలు గుమిగూడే రేవు హవానా అయింది. సాంతో డొమింగోలో మిగిలినవి అడవిలో తిరిగే పశువులు, వాటి తోళ్లు.

పాతపటం:
అంటే ఫ్రెంచివాళ్లు పడమటి సగాన్ని యుద్ధంలో గెలుచుకోలేదా?

గానుగచెట్టు:
గెలవాల్సిన పనే పడలేదు, స్పెయినే ఖాళీ చేసిపెట్టింది. ఉత్తర, పడమటి తీరాల జనం తోళ్లను డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు ఓడలకు దొంగచాటుగా అమ్మేవారు. రాజుగారి ఓడలు ఏడాదికోసారి కూడా రాకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఆ దొంగ వ్యాపారం ఆపడానికి 1605-06లో గవర్నర్ ఆంతోనియో ఒసోరియో ఆ ఊళ్లనే తగలబెట్టించి, జనాన్ని పశువులతో సహా రాజధాని దగ్గరికి తోలించాడు. ప్వెర్తో ప్లాతా, మోంతె క్రిస్తి, బయాహా, యగ్వానా నాలుగూ పోయాయి. దారిలోనే పశువులు చాలావరకు చెదిరి అడవి పట్టాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆ నాలుగు ఊళ్ల జనంతో రెండు కొత్త ఊళ్లు కట్టారు. బయాహా, యగ్వానా కలిపి బయగ్వానా. మోంతె క్రిస్తి, ప్వెర్తో ప్లాతా కలిపి మోంతె ప్లాతా. రెండూ ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి.

ఖాళీ అయిన తీరంలోకి తోర్తూగా దీవి నుంచి ఫ్రెంచి వేటగాళ్లు దిగారు. అడవి పశువుల్ని వేటాడి, మాంసాన్ని బూకాన్ అనే కర్రల దడి మీద పొగబెట్టి అమ్మేవాళ్లు. బకనీర్లు అన్న పేరు ఆ దడి నుంచే వచ్చింది. తర్వాత తోటలు పెట్టారు, ఫ్రాన్స్ గవర్నర్‌ను పంపింది.

ఓజమాఒడ్డు:
చాలా చోట్ల "1697 రిస్విక్ ఒప్పందంలో దీవిని రెండుగా పంచుకున్నారు" అని రాస్తారు. ఆ ఒప్పందంలో దీవిని పంచే నిబంధన వెతికినా దొరకదు. యుద్ధం ఆగింది, ఫ్రెంచివాళ్లు పడమట ఉండడాన్ని స్పెయిన్ కాదనలేకపోయింది, అంతే. గీత లెక్కగా గీసింది 1777లో, అరాన్‌హ్వెజ్ ఒప్పందంతో. అప్పుడు కొండల వెంట, వాగుల వెంట రాళ్లు పాతారు. అంటే దాదాపు 80 ఏళ్లు సరిహద్దు అన్నది పశువుల కాపర్ల గొడవగానే నడిచింది.

లెక్కలపుస్తకం:
1789 నాటి అంకెలు చూస్తే పరిస్థితి అర్థమవుతుంది.

పడమట, ఫ్రెంచి కాలనీ సాన్ డొమాంగ్: సుమారు 27,750 చ.కి.మీ. బానిసలు దాదాపు 5 లక్షలు, తెల్లవాళ్లు 30-40 వేలు, స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లు, మిశ్రమ జాతివాళ్లు కలిపి 28 వేల దాకా. చక్కెర తోటలు దాదాపు 800, కాఫీవి, నీలిమందువి వేలల్లో. యూరప్ తాగే కాఫీలో సగానికి పైగా, తినే చక్కెరలో ఐదింట రెండు వంతులు ఇక్కడివే అని లెక్క.

తూర్పున, స్పానిష్ కాలనీ సాంతో డొమింగో: సుమారు 48,670 చ.కి.మీ. మొత్తం జనం లక్షా పాతిక వేల ప్రాంతం. బానిసలు 15 వేలని ఒకరు, 30 వేలని ఒకరు రాశారు. ఏది తీసుకున్నా నాలుగో వంతు దాటదు.

అంటే పడమట పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బానిసలు. దాదాపు రెట్టింపు నేల ఉన్న తూర్పులో జనమే లేరు. "ఫ్రెంచి, స్పానిష్ స్వభావాల తేడా" అనే మాటలన్నీ ఈ అంకెల ముందు తేలిపోతాయి. అదే స్పెయిన్ తర్వాత 19వ శతాబ్దంలో క్యూబాలో చక్కెర మొదలుపెట్టినప్పుడు సాన్ డొమాంగ్ పద్ధతినే దింపింది. పంటను బట్టి పాలన, జెండాను బట్టి కాదు.

తీపిచేదు:
చక్కెర తోటకు అంతమంది ఎందుకు కావాలి అని కొత్తవాళ్లకు సందేహం రావచ్చు. పని తీరు చూస్తే తెలుస్తుంది.

చెరకు కొట్టాక ఒకటి రెండు రోజుల్లో గానుగ ఆడాలి. ఆలస్యమైతే రసం పులుస్తుంది, గింజ కట్టదు. అందుకే కోత కాలంలో గానుగ రాత్రింబవళ్లు ఆడేది. నిలువుగా మూడు రోలర్లు, ఎడ్లో, కంచరగాడిదలో, నీళ్ల చక్రమో మధ్య రోలరును తిప్పుతుంది. గడ అందించే మనిషికి నిద్ర తూగితే చెయ్యి రోలర్ల మధ్యకు పోతుంది. చెయ్యి నరికి మనిషిని కాపాడడానికి పక్కనే గొడ్డలి ఉంచేవారు.

రసం కాలువ గుండా వంటశాలకు పోయి ఐదు గుండిగల వరసలో మరిగేది: గ్రాండ్, ప్రోప్ర్, ఫ్లాంబో, సిరో, బాతరీ. మొదటిది అన్నిటికన్నా పెద్దది, మంటకు దూరం. చివరిది చిన్నది, నిప్పు మీదే. సున్నం వేసి మురికి తేర్చి, నురగ తీసేస్తూ, చిక్కబడే కొద్దీ గరిటెతో పక్క గుండిగలోకి మార్చాలి. బాతరీ నుంచి ఎప్పుడు దింపాలన్నది వంటవాడి కంటికీ వేలికీ తెలియాలి. ముందు దింపితే గింజ రాదు, ఆలస్యమైతే మాడుతుంది. ఈ పనివాడూ బానిసే. తోటలో ఖరీదైన బానిసల్లో ఒకడు.

పాకాన్ని గరిటె ఆకారపు మట్టి మూసల్లో పోసి, పైన తడి బంకమట్టి పరిచేవాళ్లు. మట్టిలోని నీరు మెల్లగా కిందికి దిగుతూ మడ్డిని కింది బెజ్జం గుండా తోసేస్తుంది, పైన తెల్లగా మిగులుతుంది. సాన్ డొమాంగ్ లాభమంతా ఈ మట్టి చక్కెరలోనే. మిగతా శుద్ధి బోర్డో, నాంత్ రేవుల్లో.

పాతపటం:
"గరిటె ఆకారపు"? కోన్ అనుకున్నానే.

తీపిచేదు:
మీరన్నదే సరి. కోనే, తలకిందులుగా పెట్టిన గరాటు లాంటిది కూడా కాదు, మొన కిందికి ఉంటుంది. గరాటు అని రాయబోయి గరిటె అని కొట్టాను.

నీలిమందు సంగతి కూడా చెప్పి ఆపేస్తాను. మెట్లుమెట్లుగా మూడు తొట్లు. పై తొట్టిలో కొమ్మల్ని నానబెడితే పులుస్తాయి. ఆ నీటిని రెండో తొట్టిలోకి వదిలి కర్రలతో బాదితే గాలి తగిలి నీలం విడిపోతుంది. మూడో దాంట్లో పేరుకున్న మడ్డిని సంచుల్లో వేలాడదీసి, పెట్టెల్లో ఆరబెట్టి, బిళ్లలుగా కోస్తారు. ఎక్కువ నానితే నల్లబడి పాడవుతుంది, తక్కువైతే రంగు ఆకులోనే ఉండిపోతుంది. పులిసిన ఆకు కంపు, తొట్ల చుట్టూ ఈగలు. చెరకుకు పెట్టుబడి లేనివాడు ఇందులోకి దిగేవాడు, స్వేచ్ఛ పొందిన మిశ్రమ జాతి రైతులు కూడా.

ఓజమాఒడ్డు:
ఒకటి కలుపుతాను. ఆ గానుగల్ని తిప్పిన ఎడ్లు చాలావరకు తూర్పువే. సాన్ డొమాంగ్‌లో మేతకు నేల వదలకుండా చెరకు వేశారు కాబట్టి ఎడ్లు, కంచరగాడిదలు, మాంసం అన్నీ సరిహద్దు అవతల నుంచే రావాలి. పడమట తోటలు పెరిగిన కొద్దీ తూర్పు పశువుల దొడ్లకు గిరాకీ. 1791 ఆగస్టులో ఉత్తరాన బానిసలు తిరగబడి తోటలు తగలబెట్టాక తూర్పు వ్యాపారం కూడా కూలింది. రెండు దేశాలూ మొదటి నుంచీ వేరని చెప్పేవాళ్లు ఈ ఎడ్ల సంగతి మర్చిపోతారు.

పశువుల దొడ్డిలో బానిసకూ యజమానికీ మధ్య దూరం తక్కువ. గుర్రం మీద, చేతిలో బల్లెంతో, రోజుల తరబడి ఒంటరిగా తిరిగేవాడికి కాపలా ఎవరు పెడతారు? విడుదల కొనుక్కోవడం తేలిక, పెళ్లిళ్లు కలిశాయి. తూర్పులో మిశ్రమ జాతి జనం ఎక్కువ కావడానికి కారణం ఇదే. దయ కాదు, దారిద్ర్యం.

లెక్కలపుస్తకం:
పడమట మాత్రం మనిషిని పెంచడం కన్నా కొనడం చౌక అనుకున్నారు. కాలనీ ఉన్నన్నాళ్లూ ఏడు లక్షలకు పైగా మనుషుల్ని దింపితే, 1789లో బతికున్నది 5 లక్షలు, అదీ పిల్లల్ని కూడా కలుపుకుని. పెద్దవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టినవాళ్లే. కాంగో నుంచి వచ్చినవాళ్లలో అక్కడి యుద్ధాల్లో పోరాడినవాళ్లూ ఉన్నారు. 1685 నాటి బానిసల చట్టం, అదే కోడ్ న్వార్, తిండి బట్ట ఎంతివ్వాలో రాసింది. అమలు చేయించే నాథుడు లేడు.

గానుగచెట్టు:
స్వాతంత్ర్యం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1793 ఆగస్టులో ఉత్తరాన, 1794 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ సామ్రాజ్యమంతటా బానిసత్వం రద్దు. 1795లో స్పెయిన్ తూర్పును కూడా ఫ్రాన్స్‌కు రాసిచ్చేసింది. 1801లో మాజీ బానిసల సేనాని తూసాన్ లూవెర్త్యూర్ సాంతో డొమింగోలో అడుగుపెట్టాడు. నెపోలియన్ సైన్యం 1802లో దిగింది, 1803 నవంబరు 18న వెర్తియేర్ దగ్గర ఓడింది. 1804 జనవరి 1న తూసాన్ సేనానుల్లో ఒకడైన దెసాలీన్ గొనాయివ్‌లో హైతీ స్వాతంత్ర్యం ప్రకటించాడు. పేరు మాత్రం తైనోలది. 1805లో అతను తూర్పు మీదికి దండెత్తి, సాంతో డొమింగోను ముట్టడించి, వెనక్కి పోతూ సాంతియాగో, మోకా ఊళ్లను తగలబెట్టించాడు. డొమినికన్ బడిపుస్తకాల్లో హైతీ అనగానే వచ్చే మొదటి బొమ్మ అదే.

కడలికెరటం:
నాకు అర్థం కాని సంగతి స్వాతంత్ర్యం తర్వాత హైతీ ఫ్రాన్స్‌కు కట్టిన అప్పు. గెలిచినవాడు ఓడినవాడికి డబ్బు కట్టడమేంటి?

లెక్కలపుస్తకం:
అదే అసలు మలుపు. 1825లో ఫ్రాన్స్ రాజు పదో షార్ల్ ఒక ఆజ్ఞాపత్రం జారీ చేశాడు. తేదీ ఏప్రిల్ 17. తోటల, బానిసల పాత యజమానులకు పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు, ఐదు సమాన వాయిదాల్లో. పైగా ఫ్రెంచి ఓడల సరుకుకు సుంకం సగమే. ఆ కాగితం పట్టుకొచ్చిన దూత వెనకాల 14 యుద్ధనౌకలు, వాటి మీద 500 దాకా ఫిరంగులు. హైతీ అధ్యక్షుడు బ్వాయే సంతకం పెట్టాడు.

ఇప్పుడు వాయిదా లెక్క చూడండి. మొదటిది 3 కోట్లు, అంటే ఆ ఏటి హైతీ ప్రభుత్వ ఆదాయానికి దాదాపు ఆరు రెట్లు. ఖజానాలో లేదు. అప్పు ఫ్రెంచి బ్యాంకర్ల దగ్గరే తీసుకోవాలి. పారిస్‌లో 1000 ఫ్రాంకుల బాండ్లు 30 వేలు అమ్మారు, ఒక్కోటి 800కి. చేతికొచ్చింది 2.4 కోట్లు, రాసిచ్చింది 3 కోట్లు, వడ్డీ 6 శాతం, గడువు 25 ఏళ్లు. వడ్డీ 3 కోట్ల మీద లెక్క కాబట్టి ఏటా 18 లక్షలు. చేతికొచ్చిన సొమ్ము మీద చూస్తే 7.5 శాతం. వాయిదాకు ఇంకా 60 లక్షలు తక్కువ. ఖజానా ఊడ్చి 53 లక్షలు ఓడలో పంపారు. అయినా 7 లక్షలు బాకీ నిలిచింది. ఇదంతా మొదటి వాయిదాకే. ఇంకా నాలుగున్నాయి.

కడలికెరటం:
తొలికాపు తాకట్టు పెట్టి విత్తనాలు కొన్నట్టుంది. తర్వాత?

లెక్కలపుస్తకం:
తర్వాత కట్టలేకపోయారు. 1838లో మిగతా 12 కోట్లను 6 కోట్లకు తగ్గించి 30 ఏళ్ల వాయిదాలు పెట్టారు. అంటే పరిహారం మొత్తం 9 కోట్లకు దిగింది. అప్పు మీద అప్పు మాత్రం పెరిగింది. కట్టేది కాఫీ రైతు, ఎగుమతి సుంకం రూపంలో. 1880లో పెట్టిన "హైతీ జాతీయ బ్యాంకు" పారిస్‌లోని ఒక ప్రైవేటు బ్యాంకు సొత్తు, ప్రభుత్వం చేసే ప్రతి లావాదేవీ మీదా కమీషన్. 1911కల్లా అమెరికా బ్యాంకులు వాటా పెట్టాయి. 1914 డిసెంబరులో అమెరికా మెరైన్లు పోర్టో ప్రిన్స్ ఖజానా నుంచి 5 లక్షల డాలర్ల బంగారం ఓడెక్కించి న్యూయార్క్ పంపారు. తర్వాతి ఏడాది సైన్యమే దిగింది. పరిహారం కోసం చేసిన అప్పుల తోక 1947 దాకా తెగలేదు.

ఓజమాఒడ్డు:
డొమినికన్ వైపు నుంచి ఇదే కథ ఇలా ఉంటుంది. ఫ్రాన్స్‌కు రాసిచ్చిన తూర్పు 1809లో మళ్లీ స్పెయిన్ చేతికొచ్చింది. 1821 డిసెంబరులో అక్కడి పెద్దలు స్పెయిన్ నుంచి విడిపోయారు. పది వారాలకే, 1822 ఫిబ్రవరిలో బ్వాయే సైన్యంతో వచ్చి దీవిని ఒకటి చేశాడు. 22 ఏళ్ల ఆ పాలనలో తూర్పున బానిసత్వం రద్దయింది. ఇది డొమినికన్ పుస్తకాల్లో ఒక్క వాక్యంగా ఉంటుంది. చర్చి భూములు లాక్కోవడం, విశ్వవిద్యాలయం మూతపడడం, పన్నులు మాత్రం పేజీలకు పేజీలు.

షార్ల్ ఆజ్ఞాపత్రంలో "సాన్ డొమాంగ్ ఫ్రెంచి భాగం" అనే ఉంది, తూర్పు ప్రస్తావన లేదు. అయినా ఆ అప్పు కోసం బ్వాయే తూర్పు మీద కూడా వంతు వేశాడు. "మా నేల మీద ఫ్రెంచి తోటలే లేవు, మేమెందుకు కట్టాలి" అన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైనదే. 1838లో ద్వార్తే అనే డొమినికన్ నాయకుడు పెట్టిన రహస్య సంఘం లా త్రినితారియా ఈ కోపం మీదే పెరిగింది. 1844 ఫిబ్రవరి 27న విడిపోయారు. డొమినికన్ స్వాతంత్ర్య దినం స్పెయిన్ నుంచి విడిపోయిన రోజు కాదు, హైతీ నుంచి విడిపోయిన రోజు. అప్పు హైతీ నెత్తినే మిగిలింది.

ఆ మీద 1861లో మళ్లీ స్పెయిన్‌లోనే కలిశారు, పిలిచి మరీ. 1863లో తిరగబడ్డారు, 1865లో స్పెయిన్ వెళ్లిపోయింది. ఆ తిరుగుబాటుకు హైతీ నేల మీంచి సాయం అందింది. ఇది బడిపుస్తకాల్లో ఎంత కనపడుతుందో మీరే ఊహించుకోండి. 1870లో అమెరికాలో కలిపే ఒప్పందం సెనేట్‌లో 28-28తో వీగింది.

పాతపటం:
భూమి ఎవరి చేతిలో ఉందన్నది కూడా తేడాయే కదా?

గానుగచెట్టు:
చాలా పెద్ద తేడా. హైతీలో విముక్తి పొందినవాడు కోరింది ఒక్కటే, తోటలో కూలికి పోకూడదు. దెసాలీన్ తర్వాత ఉత్తరాన్ని ఏలిన క్రిస్తోఫ్ తోటల్ని సైన్యంతో నడిపించాడు. దక్షిణాన్ని ఏలిన పెత్యోన్ 1809 నుంచి భూములు పంచాడు. బ్వాయే 1826లో గ్రామీణ చట్టం తెచ్చి రైతును మళ్లీ తోటకు కట్టేయబోయాడు, జనం కొండలెక్కారు. అదే హైతీ రైతాంగం: కొండ మీద చిన్న చెక్క, కొంచెం కాఫీ, మొక్కజొన్న, లాకూ అనే ఉమ్మడి వాకిలి చుట్టూ చుట్టాల ఇళ్లు. బానిసత్వం చూసిన జనానికి ఇది గెలుపు. కాని తరం తరానికీ ఆ చెక్క పిల్లల మధ్య చీలుతూ పోయింది, ప్రభుత్వం కాఫీ మీద సుంకం పిండుతూ పోయింది. కొత్త సాగుకు, కాలువకు, బడికి మిగిలిందేమీ లేదు.

ఓజమాఒడ్డు:
తూర్పున సర్వే అన్నదే లేదు. తెరెనోస్ కొమునెరోస్ అనే పద్ధతి: పాత దానపత్రంలో ఉన్న మొత్తం భూమికి ఒక విలువ కట్టి, వారసులు దాన్ని పెసోల వాటాలుగా పంచుకుంటారు. వాటా ఉన్నవాడు ఆ మొత్తం భూమిలో ఎక్కడైనా పశువుల్ని మేపొచ్చు, కలప కొట్టొచ్చు. హద్దురాయి ఉండదు. పశువుల కాలంలో సుఖంగా నడిచింది. 1870ల్లో యుద్ధం తప్పించుకుని క్యూబా చక్కెర వ్యాపారులు సాన్ పెద్రో ద మకోరీస్ వైపు వచ్చాక అసలు చిక్కు మొదలైంది. పెసో వాటా కాగితాలు కొనేవాళ్లు కొన్నారు, దొంగ కాగితాలు సృష్టించేవాళ్లు సృష్టించారు. 1920లో, దేశాన్ని ఆక్రమించిన అమెరికా సైనిక ప్రభుత్వం 511వ నంబరు ఆజ్ఞతో టోరెన్స్ పద్ధతి భూ రిజిస్ట్రేషన్ తెచ్చింది, అంటే ప్రభుత్వ రిజిస్టరులో పేరున్నవాడే యజమాని. ఆంధ్రలో టైటిలింగ్ చట్టం గొడవప్పుడు విన్న టోరెన్సే. కాగితం, వకీలు ఉన్న కంపెనీకి పట్టా వచ్చింది, మేపుకునేవాడికి రాలేదు. తూర్పు జిల్లాల్లో గవియేరోలు అనే గెరిల్లాలు తుపాకీ పట్టడం వెనక ఈ భూమి గొడవ కూడా ఉంది.

కాబట్టి డొమినికన్ రిపబ్లిక్‌కు తోటల కాలం రాలేదనడం తప్పు. వంద ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. గొడ్డు చాకిరీకి హైతీ కూలీలు వచ్చారు. వాళ్లుండే లైన్ల ఇళ్లను బతెయ్ అంటారు. 18వ శతాబ్దంలో పడమటి గానుగకు తూర్పు ఎడ్లు, 20వ శతాబ్దంలో తూర్పు చెరకుకు పడమటి మనుషులు.

తీపిచేదు:
1805 హైతీ రాజ్యాంగంలో తెల్లవాళ్లు భూమి కొనరాదని ఉంది. ఆ నిషేధం మాటలు మారుతూ 1918 దాకా నిలిచింది. అమెరికా ఆక్రమణలో ఉండగా రాసిన కొత్త రాజ్యాంగం దాన్ని ఎత్తేసింది. ఆ రాజ్యాంగం తనే రాశానని 1920 ఎన్నికల ప్రచారంలో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ చెప్పుకున్నాడు కూడా. అమెరికా హైతీలో 1915 నుంచి 1934 దాకా, పక్క దేశంలో 1916 నుంచి 1924 దాకా ఉంది. హైతీలో రోడ్ల కోసం 19వ శతాబ్దపు వెట్టి చట్టాన్ని బయటికి తీశారు. బానిసల మునిమనవల్ని తాళ్లు కట్టి రోడ్డు పనికి తోలితే ఏమవుతుంది? షార్లమాన్ పెరాల్త్ నాయకత్వంలో తిరుగుబాటు. అతన్ని 1919 నవంబరు 1న చంపారు.

నీటిచుక్క:
అందరూ ఫ్రాన్స్, అమెరికా అంటున్నారు. నేను ఒప్పుకోను. 1960లో రెండు దేశాల తలసరి ఆదాయం దాదాపు సమానం. 1825 అప్పే అంతా చేసుంటే ఆనాటికే హైతీ అట్టడుగున ఉండాలి కదా? అసలు చీలిక ఆ తర్వాతే. ఇటు హైతీలో దువాలియే తండ్రీకొడుకులు 1957 నుంచి 1986 దాకా దేశాన్ని మింగారు. అటు డొమినికన్ రిపబ్లిక్‌లో త్రుహీయో కూడా నియంతే, దోపిడీదారే. కాని 1961లో అతను చచ్చాక గానుగలు, ఫ్యాక్టరీలు దేశం చేతికొచ్చాయి. 1969 నుంచి లా రొమానాలో ఎగుమతి మండలం, 1971లో పర్యాటక చట్టం, ఆ తర్వాత పుంతా కానా హోటళ్లు.

అడవి సంగతీ అంతే. డొమినికన్ అధ్యక్షుడు బలగేర్ 1960ల చివర్లో కలప కోత మిల్లులు మూయించాడు, చెట్టు కొట్టినవాడి మీదికి సైన్యాన్ని పంపాడు. అంతకన్నా పెద్ద పని వంట గ్యాస్‌కు రాయితీ. హైతీలో పొయ్యి కట్టెబొగ్గు మీదే నడుస్తోంది. ఫొటోలోని గీతకు ఫ్రాన్స్ కన్నా గ్యాస్ సిలిండరే పెద్ద కారణం.

లెక్కలపుస్తకం:
1960 అంకె సరైనదే. కాని సమానమైన ఆదాయం అంటే సమానమైన ఆస్తి కాదు. ఇద్దరు కూలీల రోజు కూలి ఒకటే కావచ్చు. ఒకడికి ఖాళీ పొలం ఉంది, ఇంకొకడికి తాత ముత్తాతల కాలంగా నలిగిన అరెకరం ఉంది. పరుగు మొదలయ్యాక తేడా బయటపడుతుంది. తూర్పున జనం పలచన, అడవి కొండలు మిగిలాయి, రోడ్లకూ హోటళ్లకూ నేల ఉంది. పడమట 1780ల్లోనే కాఫీ కోసం వాలు కొండల్ని నరికి వరసలుగా నాటితే వాన మట్టిని ఊడ్చుకుపోయింది, తోటలు పదేపదే పైకి జరిగాయి. తర్వాత అప్పు తీర్చడానికి కాఫీతో పాటు కలప కూడా ఎగుమతి. కాబట్టి సిలిండరు నిజమే, కాని అది కాపాడడానికి అడవంటూ మిగిలింది అటు పక్కే.

నీటిచుక్క:
అది కొంత ఒప్పుకుంటాను. వాన కూడా ఉంది. గాలి తూర్పు నుంచి వీస్తుంది, 3,000 మీటర్లు దాటిన పీకో ద్వార్తే కొండల్లో తేమ చాలావరకు కురిసిపోయి పడమటికి తక్కువ చేరుతుంది. ఇది కొలంబస్ రాకముందు నుంచీ ఉన్నదే.

పనిలో పని, "హైతీలో అడవి 2 శాతమే" అన్న మాట వాడకండి. దట్టమైన పాత అడవిని మాత్రమే లెక్కేస్తే అలా వస్తుంది. 2014లో ఉపగ్రహ చిత్రాలతో లెక్కేసిన పరిశోధనలో చెట్ల నీడ మూడో వంతుకు దగ్గరగా తేలింది. మామిడి, అవకాడో పెరటి చెట్లు, బొగ్గు కోసం పెంచే తుమ్మజాతి చెట్లు అందులో ఉన్నాయి.

గానుగచెట్టు:
1980 తర్వాత తప్పిదాలు కూడా కలపాలి. పందుల జ్వరం వస్తే 1982-83లో హైతీ నాటు పందులన్నిటినీ చంపించారు. బదులిచ్చిన అమెరికా జాతికి దాణా, సిమెంటు గచ్చు కావాలి. నాటు పంది రైతుకు బ్యాంకు ఖాతా లాంటిది, బడి ఫీజుకో పెళ్లికో అమ్ముకునేది. 1990ల మధ్యలో బియ్యం మీద సుంకం 3 శాతానికి దించారు, అమెరికా బియ్యం దిగింది, ఆర్తిబొనీత్ లోయ వరి రైతు కుదేలయ్యాడు. ఆ విధానం తప్పని బిల్ క్లింటన్ 2010లో బహిరంగంగానే ఒప్పుకున్నాడు.

కడలికెరటం:
రంగు గురించి ఎవరూ రాయలేదు. డొమినికన్లలో ఎక్కువమందికి ఆఫ్రికా రక్తం ఉంది కదా, మరి హైతీవాళ్లంటే అంత చిన్నచూపెందుకు?

ఓజమాఒడ్డు:
స్వాతంత్ర్యం హైతీ నుంచి వచ్చింది కాబట్టి "మేమెవరం" అంటే "హైతీ కానివాళ్లం" అన్న జవాబు మొదట్నుంచీ ఉంది. గుర్తింపు కార్డుల్లో దశాబ్దాల పాటు చామనఛాయ మనిషికి "ఇండియో" అని రాశారు. తైనోలు పోయి 400 ఏళ్లైనా! నల్ల అని రాస్తే హైతీ మనిషి అయిపోతాడని. త్రుహీయో దీన్ని ప్రభుత్వ సిద్ధాంతం చేశాడు. 1937 అక్టోబరులో సరిహద్దు దగ్గర హైతీవాళ్లను కత్తులతో నరికించాడు. తుపాకీ వాడలేదు, రైతుల పని అని చెప్పడానికి. కొత్తిమీర లాంటి పార్స్లీ ఆకు చూపించి పేరు అడిగేవారని చెబుతారు, స్పానిష్‌లో పెరెహిల్. అందులోని ర, హ హైతీ క్రియోల్ నాలుకకు వేరుగా పలుకుతాయి. చనిపోయినవాళ్ల లెక్క కొన్ని వేల నుంచి 20 వేలు పైబడి దాకా రకరకాలుగా చెబుతారు. పరిహారం 7.5 లక్షల డాలర్లని ఒప్పుకుని 5.25 లక్షలకు తగ్గించారు.

2013 సెప్టెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1929 దాకా వెనక్కి వెళ్లి, కాగితాలు లేని వలసదారుల పిల్లలకు పౌరసత్వం లేదంది. బతెయ్‌లో పుట్టి పెరిగినవాళ్లు రాత్రికి రాత్రి ఏ దేశం వాళ్లూ కాకుండా పోయారు. 2014లో 169-14 చట్టం కొంత సరిదిద్దింది, అందరికీ కాదు.

పాతపటం:
2023లో కాలువ గొడవ కూడా ఈ 1777 గీత దగ్గరేనా?

ఓజమాఒడ్డు:
అవును, ఆ గీత వెంట పారే నది దగ్గరే. స్పానిష్‌లో దహబోన్, ఇంకో పేరు మసాకర్. ఆ పేరు 1937ది అనుకుంటారు, కాదు. 18వ శతాబ్దంలోనే, స్పెయిన్‌వాళ్లు ఫ్రెంచి వేటగాళ్లను చంపినప్పటి నుంచి ఉంది. హైతీ వైపు వనమెంత్ దగ్గర రైతులు పొలాలకు కాలువ తవ్వుకుంటుంటే, 2023 సెప్టెంబరు 15న డొమినికన్ అధ్యక్షుడు అబినాదేర్ సరిహద్దు మొత్తం మూసేశాడు. 1929 ఒప్పందం ప్రకారం ఏ పక్షమూ నది పారుదల మార్చకూడదని వాళ్ల వాదన, వాడుకునే హక్కు ఇద్దరికీ ఉందని వీళ్ల వాదన. ఒప్పందంలో రెండూ ఉన్నాయి. దహబోన్ సంత సోమ, శుక్రవారాలు. మూసిన నాలుగు వారాలూ నష్టపోయింది గుడ్లు, కోళ్లు అమ్ముకునే డొమినికన్ రైతులు కూడా. అక్టోబరులో వ్యాపారం వరకు తెరిచారు. కాలువ పని ఆగలేదు.

కడలికెరటం:
చివరిగా ఒకటి. ఆ 1825 డబ్బు ఫ్రాన్స్ తిరిగిస్తుందా? ఎవరో 2,100 కోట్ల డాలర్లు అడిగారని విన్నాను.

లెక్కలపుస్తకం:
అడిగింది అధ్యక్షుడు అరిస్తీద్, 2003లో. ఇవ్వలేదు. 2004 ఫిబ్రవరిలో ఆయనే పదవి పోగొట్టుకుని దేశం వదలాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 17న, ఆజ్ఞాపత్రానికి సరిగ్గా 200 ఏళ్లు నిండిన రోజున, ఇరుదేశాల చరిత్రకారులతో సంఘం వేస్తామని మాక్రాన్ ప్రకటించాడు. డబ్బు మాట ఎత్తలేదు.

అంకె మాత్రం 2,100 కోట్లు కాదు. అరిస్తీద్ ప్రభుత్వం అడిగింది 2,168 కోట్ల 51 లక్షల 35 వేల 571 డాలర్ల 48 సెంట్లు. ఆ సెంట్లు చూసి అప్పట్లో చాలామంది నవ్వారు. బాండు 800కి కొని 1000 మీద వడ్డీ లెక్కేసినవాళ్ల లెక్కలు కూడా సెంటీముల దాకా ఉండేవి.